పుట్టీ ఎట్లా తెరుచుకోవాలో మనమే చెప్పడం: కమాండ్ లైన్ స్విచ్‌ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల కాటా గదులు, తిరుపతి లాడ్జీల కౌంటర్లు, రేణిగుంట పరిశ్రమల టెస్టింగ్ బెంచీలు. సీరియల్ కేబుల్ మీద గానీ నెట్‌వర్క్ మీద గానీ అవతలి పరికరంతో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్ పుట్టీ. అది ఉన్న చోటల్లా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. జూన్‌లో తోతాపురి ట్రాక్టర్లు కాటా ముందు బారులు తీరినాక ఫోన్లు మరీ ఎక్కువ. అందుకే అన్నీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న కావాలంటే అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు.

ఒక్క సంగతి ముందే. ఇక్కడ కమాండ్లు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి గానీ కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి. "పెద్ద అక్షరం" అని చెప్పిన చోట తప్ప స్విచ్‌లన్నీ చిన్న అక్షరాలే. మైనస్ గుర్తుకూ పక్క అక్షరానికీ మధ్య ఖాళీ వదలకూడదు.

## మొదలుపెట్టే ముందు

ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే పుట్టీ తెరుచుకుంటోంది కదా, స్విచ్‌లు ఎందుకు?

డబుల్ క్లిక్ చేస్తే వచ్చేది సెట్టింగుల డబ్బా. ఆపైన ఎవరో ఒకరు సెషన్ (ఒక పేరుతో దాచుకున్న సెట్టింగుల కట్ట) ఎంచుకుని, ఓపెన్ నొక్కాలి. రాత్రి షిఫ్టులో కాటా దగ్గర కూర్చునే మనిషికి ఆ డబ్బాతో పనిలేదు, అతనికి తూకం కనిపిస్తే చాలు. ప్రోగ్రామ్ పేరు పక్కన మైనస్ గుర్తుతో రాసే చిన్న మాటే స్విచ్. దాంతో ఏ సెషన్ తెరవాలి, ఏ పోర్టు, ఏ యూజర్, లాగ్ ఎక్కడ రాయాలి అన్నవన్నీ ముందే చెప్పేయవచ్చు. డబ్బా రాదు, నేరుగా పని మొదలవుతుంది.

మా పాత కంప్యూటర్‌లో హైపర్ టెర్మినల్ ఉండేది. కొత్తదాంట్లో ఎంత వెతికినా కనపడలేదు. దాని బదులు పుట్టీ సరిపోతుందా?

సరిపోతుంది. విండోస్ ఎక్స్‌పీ వరకు హైపర్ టెర్మినల్ విండోస్‌తోనే వచ్చేది, విస్టా నుంచి తీసేశారు. సీరియల్ పోర్టు మీద వచ్చే అక్షరాలు చూడడానికి, పరికరానికి కమాండ్లు కొట్టడానికి పుట్టీ చాలు. నెట్‌వర్క్ మీద వేరే కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్, టెల్నెట్ పద్ధతులు కూడా అందులోనే ఉంటాయి. పాత హైపర్ టెర్మినల్ ఫైళ్లను మాత్రం పుట్టీ చదవలేదు. వాటిలోని బాడ్ రేటు (డేటా వచ్చే వేగం), ప్యారిటీ (తప్పులు పట్టడానికి కలిపే బిట్) వివరాలు కాగితం మీద రాసుకుని కొత్తగా పెట్టుకోవాల్సిందే.

పుట్టీ ఎక్కడినుంచి దించుకోవాలి? పాత వెర్షన్ ఉంటే నడిచిపోతుందా?

పుట్టీని మొదలుపెట్టిన మనిషి ఇంగ్లండుకు చెందిన సైమన్ టాథమ్. ప్రోగ్రామ్ ఉచితం, ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. పుట్టీ పేరు పెట్టుకున్న ప్రతి సైటూ ఆయనది కాదు. వైరస్ కలిపిన నకిలీ పుట్టీలు కూడా తిరుగుతున్నాయి. ఆయన సొంత పేజీ నుంచో, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచో తీసుకోండి. పెన్ డ్రైవ్‌లో చేతులు మారుతూ వచ్చిన కాపీని నేనైతే ముట్టుకోను.

వెర్షన్ విషయం: ఎస్ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ బదులు కీ అనే ఫైలుతో లాగిన్ కావచ్చు. 0.68 నుంచి 0.80 వరకు ఉన్నవాటిలో పీ-521 అన్న రకం కీ వాడితే రహస్య కీ బయటపడే లోపం ఉండేది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 0.81లో సరిచేశారు. అలాంటి కీ పాత వెర్షన్‌తో వాడి ఉంటే ప్రోగ్రామ్ మార్చినంత మాత్రాన చాలదు, ఆ కీని సర్వర్ల నుంచి తీసేసి కొత్తది చేసుకోవాలి. సీరియల్ కేబుల్‌తో తూకం మాత్రమే చూసేవాళ్లకు దీంతో సంబంధం లేదు.

అన్నీ స్విచ్‌లలోనే రాయాలా, లేక సెషన్ సేవ్ చేసుకోవాలా? ఏది మేలు?

ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. నా లెక్కలో మారని సెట్టింగులన్నీ సెషన్‌లో ఉండాలి, చోటును బట్టి మారేది మాత్రమే స్విచ్‌లో ఉండాలి. రంగులు, అక్షరాల సైజు, కీప్‌అలైవ్ (లైన్ తెగకుండా అప్పుడప్పుడు పంపే సంకేతం), కిటికీ ఎప్పుడు మూసుకోవాలి, ఇలాంటి చాలావాటికి స్విచ్ అసలు లేనే లేదు. అవి సెషన్‌లోనే పెట్టుకోవాలి. పెట్టాక ఒక పేరుతో సేవ్ చేసి `పుట్టీ -లోడ్ "కాటా"` అంటే చాలు. సెషన్‌లో హోస్టు (కలవాల్సిన కంప్యూటర్) పేరో సీరియల్ పోర్టో ఉంటే ఇంకేమీ రాయనక్కర్లేదు.

మూరెడు పొడవు కమాండ్ రాసి గొప్పగా చూపించేవాళ్లున్నారు. ఆరు నెలల తర్వాత అందులో ఏ అంకె దేనికో రాసినవాళ్లకే గుర్తుండదు. పైగా విండోస్ షార్ట్‌కట్‌లో టార్గెట్ గడి సుమారు 260 అక్షరాల దగ్గర ఆగిపోతుంది.

స్విచ్‌లు నిజంగా అక్కరకొచ్చేది ఒకే సెషన్‌ను పలు రకాలుగా తెరవాల్సి వచ్చినప్పుడు. ఉదాహరణకు ఒక లాడ్జీలో రౌటర్ సెషన్ ఒక్కటే, మేనేజర్‌కు ఒక యూజర్ పేరు, సర్వీసుకు వచ్చే కుర్రాడికి ఇంకొకటి. రెండు షార్ట్‌కట్లు చేసి, రెండింట్లోనూ అదే `-లోడ్`, చివర `-ఎల్` పక్కన ఎవరి పేరు వాళ్లకు పెడితే పని అయిపోతుంది.

డిఫాల్ట్ సెట్టింగ్స్ మార్చాను. పాత సెషన్లు మాత్రం మారలేదు, ఎందుకని?

డిఫాల్ట్ సెట్టింగ్స్ అన్నది కొత్తగా చేసే సెషన్‌కు మొదటి అచ్చు మాత్రమే. ముందే సేవ్ చేసినవాటిని ముట్టుకోదు. ఒక్కొక్కదాన్నీ లోడ్ చేసి, మార్చి, తిరిగి సేవ్ చేయాలి. ఓపెన్ నొక్కి వాడేసుకుంటే సరిపోదు, సేవ్ నొక్కితేనే నిలుస్తుంది.

## షార్ట్‌కట్ తయారీ

టార్గెట్ గడిలో స్విచ్ రాస్తే "పేరు చెల్లదు" అంటోంది. కొటేషన్ గుర్తులు ఎక్కడ పెట్టాలి?

ప్రోగ్రామ్ ఉన్న దారికి మాత్రమే కొటేషన్లు. అవి ముగిసినాక ఒక ఖాళీ వదిలి స్విచ్‌లు రాయాలి. ప్రోగ్రామ్ ఫైల్స్ అన్న ఫోల్డర్ పేరు మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి ఆ కొటేషన్లు తప్పనిసరి. స్విచ్‌లను కూడా వాటి లోపలికి లాగితే, మొత్తం కలిపి ఒకే ఫైలు పేరనుకుని విండోస్ ఒప్పుకోదు. సెషన్ పేరులో ఖాళీ ఉంటే దానికి విడిగా ఇంకో జత కావాలి. ఈ గొడవంతా ఎందుకని నేను సెషన్ పేర్లను ఒకే మాటగా పెడతాను.

వాట్సాప్‌లో పంపిన కమాండ్‌ను కాపీ చేసి అతికిస్తే పనిచేయడం లేదు, కళ్లకు మాత్రం సరిగ్గానే ఉంది. ఏమిటి లోపం?

ఫోన్ కీబోర్డులూ వర్డ్ ప్రోగ్రామూ మామూలు మైనస్‌ను పొడుగు గీతగా, నిలువు కొటేషన్లను వంపు కొటేషన్లుగా మార్చేస్తుంటాయి. పుట్టీకి ఆ పొడుగు గీత స్విచ్ కాదు. నోట్‌ప్యాడ్‌లో అతికించి, గీతలూ కొటేషన్లూ చెరిపి చేత్తో మళ్లీ కొట్టండి. చాలాసార్లు అంతటితో తీరిపోతుంది.

పోర్టు నంబరుకు చిన్న పి పెట్టాలా, పెద్ద పి పెట్టాలా?

నెట్‌వర్క్ పోర్టు గురించి అయితే, పుట్టీలో, దానితో వచ్చే ప్లింక్‌లో (కిటికీ లేని పుట్టీ), పీఎస్‌సీపీలో (ఫైళ్లు పంపేది) పోర్టుకు పెద్ద పి. లినక్స్‌లోనూ విండోస్ 10 నుంచి వచ్చే ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌లోనూ పోర్టుకు చిన్న పి. రెండూ వాడే కాలేజీ పిల్లలు తికమక పడేది ఇందుకే. పీఎస్‌సీపీకి చిన్న పి ఇస్తే ఫైలు తేదీ లాంటి వివరాలు అలాగే ఉంచమని అర్థం.

మిగతా అక్షరాలకూ ఇదే జాగ్రత్త ఉండాలి. చిన్న ఎల్ యూజర్ పేరుకు, పెద్ద ఎల్ పోర్ట్ ఫార్వర్డింగ్‌కు (కింద వచ్చే టన్నెల్‌కు).

పుట్టీ కిటికీ తెరుచుకునేటప్పుడే స్క్రీనంతా నిండాలి. దానికేం స్విచ్?

దానికంటూ స్విచ్ లేదు. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో "రన్" అన్న చోట మాగ్జిమైజ్డ్ ఎంచుకోండి, పుట్టీ ఆ మాట వింటుంది. వెనకాల నడిస్తే చాలనుకునే వాటికి అక్కడే మినిమైజ్డ్ పెట్టవచ్చు. దూరం నుంచి తూకం కనిపించాలంటే సెషన్‌లో అక్షరాల సైజు పెంచి సేవ్ చేయండి.

బ్యాచ్ ఫైలులో స్టార్ట్ కమాండ్ పెడితే పుట్టీ రాకుండా నల్ల కిటికీ ఒకటి తెరుచుకుంటోంది. ఎందుకు?

స్టార్ట్ కమాండ్ తన పక్కన మొదట కనిపించిన కొటేషన్ల మాటను కిటికీ శీర్షిక అనుకుంటుంది. మీరిచ్చిన పుట్టీ దారి కాస్తా శీర్షిక అయిపోయి, ప్రోగ్రామ్ లేని ఖాళీ కమాండ్ కిటికీ వస్తుంది. స్టార్ట్ తర్వాత లోపల ఏమీ లేని కొటేషన్ల జత ఒకటి పెట్టి, ఆ తర్వాత పుట్టీ దారి, ఆపైన స్విచ్‌లు రాయండి.

## కాటా, సీరియల్ కేబుల్

కాటా ఇండికేటర్‌కు (తూకం అంకెలు చూపే పెట్టెకు) సీరియల్ స్విచ్ ఎట్లా రాయాలి?

`పుట్టీ -సీరియల్ కామ్3 -ఎస్‌ఈఆర్‌సీఎఫ్‌జీ 2400,8,ఎన్,1,ఎన్`. ఇందులో మొదటి ఎన్ చిన్నది, ప్యారిటీ లేదని చెప్పేది. చివరి ఎన్ పెద్దది, ఫ్లో కంట్రోల్ (ఆగు, పంపు అని అవతలి పరికరానికి చెప్పే ఏర్పాటు) వద్దనడం. అంకెల మధ్య కామాలే, ఖాళీలు ఉండకూడదు. 5 నుంచి 9 వరకు ఒంటి అంకె కనిపిస్తే డేటా బిట్లు, 1 గానీ 1.5 గానీ 2 గానీ అయితే స్టాప్ బిట్లు, పెద్ద అంకె అయితే బాడ్ రేటు అని పుట్టీ అర్థం చేసుకుంటుంది. ప్యారిటీకి చిన్న అక్షరాలు: ఎన్ లేదు, ఓ బేసి, ఈ సరి. ఫ్లో కంట్రోల్‌కు పెద్ద అక్షరాలు: ఎన్, ఎక్స్, ఆర్, డి.

ఏమీ చెప్పకపోతే పుట్టీ 9600, 8 బిట్లు, ప్యారిటీ లేకుండా మొదలవుతుంది, ఫ్లో కంట్రోల్ మాత్రం ఎక్సాన్-ఎక్సాఫ్ (పైన చెప్పిన పెద్ద ఎక్స్) ఉంటుంది. మీ ఇండికేటర్‌కు ఏది సరైనదో దాని మెనూలోనో మాన్యువల్‌లోనో చూడండి.

తూకంలో కొన్ని అంకెలు బాగానే వస్తున్నాయి, కొన్ని పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి. కేబుల్ పోయిందా?

కేబుల్ మార్చే ముందు ఏ అంకెలు చెడుతున్నాయో చూడండి. 0, 3, 5, 6, 9 శుభ్రంగా వస్తూ 1, 2, 4, 7, 8 మాత్రమే చెడిపోతుంటే కేబుల్‌కు ఏ పాపమూ తెలియదు. ఇండికేటర్ 7 బిట్లు, సరి ప్యారిటీతో పంపుతోంది, మీరు 8 బిట్లు, ప్యారిటీ లేకుండా చదువుతున్నారు. మొదటి అయిదింటి కోడులో ఒకట్లు సరిసంఖ్యలో ఉంటాయి. అందుకే వాటికి ప్యారిటీ బిట్ సున్నాగా వస్తుంది, అక్షరం చెక్కుచెదరదు. మిగతావాటికి ఆ బిట్ ఒకటై కూర్చుని అక్షరాన్నే మార్చేస్తుంది. స్విచ్‌లో `2400,7,ఈ,1,ఎన్` అని పెట్టండి, ఈ చిన్నది, చివరి ఎన్ పెద్దది. బాడ్ రేటు మీ ఇండికేటర్‌కు ఉన్నదే ఉంచండి.

అన్ని అంకెలూ చెత్తగా వస్తుంటే అది బాడ్ రేటు తేడా. 2400, 4800, 9600 వరసగా వేసి చూడండి.

స్క్రీన్ మీద ఒకే వరసలో తూకం మారుతూ ఉంది, కిందికి దిగడం లేదు. ఏ స్విచ్ వాడాలి?

ఇండికేటర్ వరస చివర క్యారేజ్ రిటర్న్ (సీఆర్) మాత్రం పంపి లైన్ ఫీడ్ (ఎల్ఎఫ్) పంపకపోతే ఇలా అవుతుంది. కర్సర్ వరస మొదటికి వెళ్తుంది, కింది వరసకు పోదు. దీనికి స్విచ్ లేదు. సెషన్‌లో టెర్మినల్ విభాగంలో ప్రతి సీఆర్‌కూ ఎల్ఎఫ్ కలుపుకోమనే టిక్కు ఉంది. అది పెట్టి సేవ్ చేసి `-లోడ్`తో తెరవండి. నిజానికి కాటా దగ్గర బోర్డులా వాడుకునేవాళ్లకు ఒకే వరస ఉండడమే హాయి.

కిటికీ తెరుచుకుంటోంది గానీ ఒక్క అక్షరమూ రావడం లేదు.

కొన్ని ఇండికేటర్లు ప్రింట్ బటన్ నొక్కితేనే పంపుతాయి, ముందు అది నొక్కి చూడండి. రాకపోతే కేబుల్. తొమ్మిది పిన్నుల కంప్యూటర్ పోర్టులో 2 తీసుకునేది, 3 పంపేది, 5 గ్రౌండ్. అవతలి పరికరంలోనూ అదే వరస ఉంటే 2, 3 అడ్డంగా మార్చిన కేబుల్ కావాలి.

పుట్టీ స్టార్టప్‌లో పెట్టినాక కాటా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు తూకం రావడం లేదు. రెండూ ఒకేసారి నడవవా?

నడవవు. విండోస్‌లో ఒక కామ్ పోర్టును ఒకసారికి ఒక్క ప్రోగ్రామే పట్టుకోగలదు. ముందు లేచింది పుట్టీ అయితే బిల్లింగ్‌కు పోర్టు దొరకదు. బిల్లులు కొట్టే కంప్యూటర్‌లో పుట్టీని స్టార్టప్‌లో పెట్టనే పెట్టకండి. అక్కడ పుట్టీ పని రిపేరు రోజు మాత్రమే, బిల్లింగ్ మూసి, పరీక్షించి, మళ్లీ పుట్టీ మూసేయాలి.

నిన్న కామ్ 3 ఉండింది, ఈరోజు కామ్ 7 అయింది. ప్రతిసారీ షార్ట్‌కట్ మార్చాలా?

యూఎస్‌బీ కన్వర్టర్‌ను వేరే సాకెట్‌లో గుచ్చితే నంబరు మారే అవకాశం ఉంది. ఊడ్చేటప్పుడు ఎవరో పీకి, పక్కదాంట్లో పెట్టి ఉంటారు. డివైస్ మేనేజర్‌లో పోర్టుల కింద ఆ కన్వర్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో మీకు కావలసిన నంబరు ఇవ్వండి. ఆ సాకెట్ దగ్గర రంగు టేపు అంటించండి.

## ఎస్ఎస్‌హెచ్ మీద రౌటర్, సర్వర్

పాస్‌వర్డ్ కూడా షార్ట్‌కట్‌లో పెట్టేస్తే రోజూ కొట్టే పని తప్పుతుంది కదా?

`-పీడబ్ల్యూ` అన్న స్విచ్ ఉంది, ఎస్ఎస్‌హెచ్‌కు మాత్రం పనిచేస్తుంది. నేను పెట్టను. షార్ట్‌కట్ ప్రాపర్టీస్ తెరిచిన ఎవరికైనా పాస్‌వర్డ్ కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో కమాండ్ లైన్ అన్న కాలమ్ వేసుకుంటే అక్కడా కనిపిస్తుంది. లాడ్జీ కౌంటర్ కంప్యూటర్ ఎన్ని చేతులు మారుతుందో అందరికీ తెలిసిందే. 2022లో వచ్చిన 0.77 నుంచి `-పీడబ్ల్యూఫైల్` ఉంది, పాస్‌వర్డ్‌ను ఒక ఫైలు మొదటి వరస నుంచి చదువుతుంది. కమాండ్‌లో కనపడదు గానీ ఆ ఫైలును దాచుకోవడం మీ పని.

సరైన దారి కీ. పుట్టీతో వచ్చే పుట్టీజెన్ ప్రోగ్రామ్‌తో కీ చేసుకుని, `-ఐ` పక్కన ఆ ఫైలు దారి ఇవ్వండి. కీకి పాస్‌ఫ్రేజ్ (కీని తెరిచే పాస్‌వర్డ్) పెట్టి, కీని గుర్తుపెట్టుకునే పేజెంట్ ప్రోగ్రామ్‌లో వేసుకుంటే పొద్దున ఒకసారి కొడితే చాలు. పేజెంట్‌కు కూడా స్విచ్ ఉంది. కీ ఫైలు పేరు తర్వాత `-సి` పెట్టి పుట్టీ కమాండ్ రాస్తే, కీ ఎక్కించుకుని వెంటనే పుట్టీని తెరుస్తుంది.

కమాండ్ల ఫైలు ఒకటి రాసి చిన్న ఎం స్విచ్‌తో ఇచ్చాను. లినక్స్‌లో నడిచింది, రౌటర్‌లో నడవలేదు.

`-ఎం` ఆ ఫైలు మొత్తాన్ని ఒకే రిమోట్ కమాండ్‌గా సర్వర్‌కు ఇస్తుంది. లినక్స్ షెల్ (కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రామ్) దాన్ని వరసలుగా విడదీసుకుని నడుపుతుంది. సిస్కో రౌటర్ల లాంటి చిన్న సర్వర్లలో ఇది కుదరదని పుట్టీ మాన్యువలే చెబుతుంది. టెల్నెట్‌లోనూ ఈ స్విచ్ లేదు. ఇంకోటి, కమాండ్లు అయిపోగానే సెషన్ ముగుస్తుంది. లాగిన్ చేసి, నాలుగు కమాండ్లు నడిపి, ఆపైన మన చేతికి ఇవ్వడం దీంతో జరగదు.

లాడ్జీ కెమెరాల రికార్డర్ పేజీని ఇంటినుంచి చూడాలి. టన్నెల్ మాత్రమే తెరిచే పద్ధతి ఉందా?

టన్నెల్ అంటే ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ లోపలినుంచి ఇంకో పరికరానికి వేసే దారి. లాడ్జీ లోపల ఎస్ఎస్‌హెచ్ ఉన్న సర్వరో రౌటరో ఉంటే ఉంది. `-లోడ్ లాడ్జీ -ఎల్ 8080:192.168.1.50:80 -ఎన్`, ఇక్కడ ఎల్, ఎన్ రెండూ పెద్దవి. మధ్యలోది రికార్డర్ లోపలి అడ్రసు. పెద్ద ఎన్ అంటే షెల్ వద్దు, టన్నెల్ చాలు అని. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8080 తెరిస్తే రికార్డర్ పేజీ వస్తుంది. పుట్టీ కిటికీలో కమాండ్ కొట్టే చోటు రాదు, అది మామూలే. మూస్తే టన్నెల్ పోతుంది. రికార్డర్ పోర్టును రౌటర్‌లో నేరుగా బయటికి తెరవడం కంటే ఇది ఎంతో నయం.

కొత్త కంప్యూటర్‌లో షార్ట్‌కట్ నొక్కితే "ఈ హోస్టును నమ్మాలా" అని అడుగుతోంది. రాకుండా చేయలేమా?

ఆ సర్వర్ కీ ఇంతకుముందు చూడలేదు కాబట్టి అడుగుతోంది. ఆ కీ వేలిముద్ర (కీని గుర్తుపట్టే అక్షరాల వరస) సరిచూసి ఒకసారి ఒప్పుకుంటే ఆ విండోస్ యూజర్‌కు గుర్తుంటుంది. మనిషి లేకుండా నడవాల్సిన చోట `-హోస్ట్‌కీ` పక్కన సరైన వేలిముద్ర రాసేయండి. రౌటర్ మార్చిన మర్నాడు గట్టి హెచ్చరిక వస్తే కారణం అదే కావచ్చు. ఏమీ మార్చకుండా వస్తే మాత్రం ఒప్పుకోకండి, ముందు కనుక్కోండి.

## కరెంటు వచ్చి కంప్యూటర్ ఆన్ కాగానే

కరెంటు పోయి వచ్చినాక ఎవరూ ముట్టుకోకుండా పుట్టీ దానంతట అదే రావాలి. ఏమేం చేయాలి?

ఇందులో పుట్టీ వంతు కొంచెమే. మొదట కంప్యూటర్ లేవాలి. బయోస్‌లో కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఆన్ అవ్వమనే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టండి. తర్వాత విండోస్ పాస్‌వర్డ్ అడగకుండా లాగిన్ కావాలి. అలాంటి కంప్యూటర్‌లో లెక్కలూ బ్యాంకు వివరాలూ ఉంచకండి. ఆపైన విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి `షెల్:స్టార్టప్` కొడితే తెరుచుకునే ఫోల్డర్‌లో మీ పుట్టీ షార్ట్‌కట్ వేయండి.

స్టార్టప్‌లో పెట్టాను, పొద్దున చూస్తే ఎర్రర్ డబ్బా ఉంటుంది. మూసి చేత్తో తెరిస్తే బాగానే పనిచేస్తోంది.

పుట్టీ తొందరగా లేస్తోంది, యూఎస్‌బీ కన్వర్టరో నెట్‌వర్కో అప్పటికి సిద్ధంగా లేదు. పుట్టీలో "కాసేపు ఆగు" అనే స్విచ్ లేదు. టాస్క్ షెడ్యూలర్‌లో లాగిన్ అయినప్పుడు నడిచే పని ఒకటి చేసి, 30 సెకన్లు ఆలస్యం పెట్టండి. "యూజర్ లాగిన్ అయి ఉంటేనే" అన్న ఎంపిక ఉండాలి, లేకపోతే పుట్టీ నడుస్తుంది గానీ కిటికీ ఎవరికీ కనపడదు. వేరే యూజర్ పేరుతో ఆ పని పెడితే సెషన్ దొరకదు, ఎందుకంటే సెషన్లు ఏ యూజర్‌వి ఆ యూజర్‌కే.

లాగ్ ఫైలు రాయమన్నాను. ప్రతి పొద్దునా "పాతదాని మీద రాయాలా" అని అడిగి ఆగిపోతోంది.

ఫైలు ముందే ఉంటే అడగడం పుట్టీ అలవాటు. సెషన్‌లో లాగింగ్ విభాగంలో "చివర కలుపు" ఎంచుకుని సేవ్ చేయండి, కొత్త వెర్షన్లలో `-లాగ్‌అపెండ్` స్విచ్ కూడా ఉంది. రోజుకో ఫైలు కావాలంటే `-సెషన్‌లాగ్` పక్కన ఫైలు పేరులో యాంపర్‌సాండ్ గుర్తుతో పెద్ద వై, పెద్ద ఎం, పెద్ద డి పెడితే ఏడాది, నెల, తేదీ వాటంతట అవే చేరతాయి. బ్యాచ్ ఫైలులో అయితే ఆ పేరు తప్పకుండా కొటేషన్లలో ఉండాలి. లేకపోతే యాంపర్‌సాండ్ దగ్గర కమాండ్ రెండు ముక్కలవుతుంది.

లైన్ తెగితే తానే మళ్లీ కలుపుకునే స్విచ్ ఏది?

పుట్టీలో లేదు. తెగినాక టైటిల్ బార్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ సెషన్ నొక్కాలి. ఖాళీగా ఉన్నందుకే తెగుతుంటే సెషన్‌లో కనెక్షన్ విభాగంలో కీప్‌అలైవ్ సెకన్లు పెట్టండి, సున్నా ఉంటే అది ఆపేసి ఉన్నట్టు.

మనిషి లేని చోట ప్లింక్ వాడండి. అదే సెషన్‌ను `ప్లింక్ -బ్యాచ్ -లోడ్ కాటా` అని బ్యాచ్ ఫైలులో పెట్టి, కింద పది సెకన్ల టైమవుట్, ఆ కింద మళ్లీ మొదటికి వెళ్లే గోటూ రాయాలి. పుట్టీ అయితే ఎర్రర్ డబ్బా వేసి ఎవరో ఓకే నొక్కేదాకా కూర్చుంటుంది. ప్లింక్ ఎర్రర్ రాసేసి బయటికొస్తుంది, లూప్ దాన్ని మళ్లీ లేపుతుంది. సీరియల్ పోర్టు కూడా దానికి తెలుసు.

## కంప్యూటర్ మార్చేటప్పుడు

సెషన్లన్నీ కొత్త కంప్యూటర్‌కు ఎట్లా తీసుకెళ్లాలి? పుట్టీ ఫోల్డర్ కాపీ చేస్తే రాలేదు.

సెషన్లు ఆ ఫోల్డర్‌లో ఉండవు, విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోట) ఉంటాయి. రెజ్ఎడిట్ తెరిచి, కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, దాని కింద సైమన్‌టాథమ్ అన్న పేరు మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఫైలును కొత్త కంప్యూటర్‌లో, పుట్టీ వాడబోయే యూజర్‌తో లాగిన్ అయి, డబుల్ క్లిక్ చేస్తే చాలు. లాగిన్ పాస్‌వర్డులు అందులో ఉండవు, పుట్టీ వాటిని సేవ్ చేయదు. కీ ఫైళ్లు విడిగా తీసుకెళ్లాలి, అదే ఫోల్డర్ దారిలో పెట్టాలి.

పాత కంప్యూటర్ అమ్మేస్తున్నాం. పుట్టీ వివరాలు పూర్తిగా తుడిచేయాలంటే?

`పుట్టీ -క్లీనప్`. ఒకసారి అడిగి, సెషన్లు, గుర్తుపెట్టుకున్న హోస్ట్ కీలు, ర్యాండమ్ సీడ్ ఫైలు తీసేస్తుంది. ప్రస్తుతం లాగిన్ అయి ఉన్న యూజర్‌వి మాత్రమే పోతాయి. రెండు మూడు లాగిన్‌లు ఉంటే ఒక్కొక్కదాంట్లోనూ నడపాలి. లాగ్ ఫైళ్లు, కీ ఫైళ్లు, షార్ట్‌కట్‌లు దీంతో పోవు, చేత్తో చెరపాలి. షార్ట్‌కట్‌లో ఎవరైనా పాస్‌వర్డ్ రాసి ఉంటే దాన్ని చెరిపితే చాలదు, రౌటర్‌లో ఆ పాస్‌వర్డ్ మార్చాకే కంప్యూటర్ బయటికి ఇవ్వండి.